దూరాలను కొలిచిన మనీషి – అల్ బీరూనీ

నేడు శంషాబాద్ విమానాశ్రయంలో విమానమెక్కిన యాత్రికుడు ఆరు గంటల లోపుననే జిద్దాలో దిగుతున్నాడు. ఈ రెండు విమానాశ్రయాల నడుమ దూరమెంతో, ప్రయాణానికి పట్టే కాలమెంతో అతని చేతిలోని ఫోనే చెబుతుంది. దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. అయితే ఈ అంకెను కొలిచినవారెవరు? అరేబియా సముద్రం మీద గొలుసు పరచి కొలిచినవారు లేరు. ఏ విమానచోదకుడో ఒకమారు ప్రయాణించి లెక్క వ్రాసి పెట్టినదీ కాదు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు, భూగోళం యొక్క పరిమాణం, త్రికోణమితి – ఈ మూడింటి కలయిక వలన పుట్టిన అంకె అది. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చి, ఒక నగరానికీ మరొక నగరానికీ నడుమ గల నిజమైన దూరాన్ని నిర్ణయించడానికి ఒక గ్రంథాన్నే రచించిన మహామేధావి వేయి సంవత్సరాల క్రిందట జీవించాడు. ఆయన అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బీరూనీ. మా విద్యార్థులకు ఆయన చరిత్ర పాఠంలో హిందూదేశాన్ని గూర్చి గ్రంథం వ్రాసిన విదేశీయుడుగా మాత్రమే పరిచితుడు. ఆ పరిచయం చాలదని మేము భావిస్తున్నాము.

బీరూనీ క్రీ.శ. 973 సెప్టెంబరులో ఖ్వారజ్మ్ దేశంలో, దాని రాజధాని కాత్ నగరానికి వెలుపలి ప్రాంతంలో జన్మించాడు. అరల్ సముద్రానికి దక్షిణంగా, జైహూన్ నదీ తీరాన ఉన్న ఆ ప్రాంతం ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. బీరూన్ అనగా ఫారసీలో వెలుపల అని అర్థం. కోట గోడలకు వెలుపల పుట్టినవాడు కావున ఆ పేరు వచ్చిందని అంటారు. ఖ్వారజ్మ్ రాజవంశానికి చెందిన అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువు. రాజకుమారుడై పుట్టి గణితానికి అంకితమైన అబూ నస్ర్, గోళం మీద గీచిన త్రిభుజాలకు సంబంధించిన సూత్రాలను కనుగొన్నవారిలో ఒకడు. శిష్యుని జీవితమంతటికీ పనికివచ్చిన విద్య అదే.

పదిహేడేళ్ల ప్రాయంలోనే, అనగా 990 ప్రాంతంలో, బీరూనీ డిగ్రీల గీతలు చెక్కిన ఒక లోహపు వలయాన్ని చేతబట్టి, మధ్యాహ్నవేళ సూర్యుని ఎత్తును కొలిచి తన ఊరి అక్షాంశాన్ని లెక్కించాడు. ఒక ఊరు భూమి మీద ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే ముందు ఆకాశం వైపు చూడాలన్న సంగతి ఆ బాలునికి అప్పుడే పట్టుబడింది. అటు తరువాత పది మూరల వ్యాసం గల ఒక అర్ధగోళాన్ని చేయించి, దాని మీద పట్టణాల స్థానాలను గుర్తించడానికి పూనుకున్నాడు. వర్తకులను, యాత్రికులను ఊళ్ల నడుమ దూరాలు అడిగి, ఒకరి మాటను మరొకరి మాటతో పోల్చి చూచేవాడు. పదిహేను మూరల వ్యాసం గల మరొక వలయాన్ని కూడా సిద్ధపరచాడు. సూర్యుడు ఉత్తరాయణాంతంలో చేరే గరిష్ఠమైన ఎత్తును ఒకమారు చూడగలిగాడు. అంతలో దేశంలో యుద్ధం చెలరేగింది.

995లో గుర్గాంజ్ పాలకులు కాత్ మీదికి దండెత్తి పాత రాజవంశాన్ని రూపుమాపారు. గురువు వంశంతో సంబంధమున్న ఆ యువకునికి అక్కడ నిలువ నీడ లేకపోయింది. అర్ధగోళాన్ని, వలయాలను, వ్రాసుకున్న కాగితాలను విడిచి ఆయన పారిపోయాడు. ఇరవై రెండేళ్ల వయసులో చేసిన పని సమస్తం పోగొట్టుకొని, మరల మొదటి నుండి ఆరంభించవలసి వచ్చినవాని మనఃస్థితిని ఊహించవచ్చు. అయినను ఆయన రచనలలో ఏడుపు తక్కువ, లెక్క ఎక్కువ.

ఇక్కడ కొంచెం ఆగి, దూరం కొలవడంలోని చిక్కు ఏమిటో చెప్పుకొనడం అవసరం. అక్షాంశం సులభమైనది. ధ్రువ నక్షత్రం ఎత్తునో, మధ్యాహ్న సూర్యుని ఎత్తునో కొలిస్తే ఎవరి ఊరి అక్షాంశం వారికి తెలుస్తుంది. మరొకరి సాయం అక్కరలేదు. రేఖాంశం అట్టిది కాదు. అది రెండు ఊళ్లలో సూర్యుడు నడినెత్తికి వచ్చే కాలాల నడుమ గల భేదం. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కావున ఒక గంట తేడా ఉంటే 15 డిగ్రీల దూరమన్నమాట. హైదరాబాదుకు, జిద్దాకు ఈ లెక్కన 2 గంటల 37 నిమిషాల తేడా ఉన్నది. రెండు దేశాల గడియారాలు చూపే తేడా రెండున్నర గంటలు. నేటివారికి గడియారాలున్నాయి, రేడియో ఉన్నది. బాగ్దాదులో ఇప్పుడు ఎంత వేళ అయినదో కాత్‌లో కూర్చున్నవానికి ఆ కాలంలో ఎట్లు తెలుస్తుంది?

చంద్రగ్రహణం ఆ చిక్కును విడదీసింది. చంద్రుని మీద భూమి నీడ పడడం ఎక్కడ నుండి చూచినా ఒక్క క్షణంలోనే జరుగుతుంది. ఆ క్షణాన ఒక్కొక్క ఊరిలో స్థానిక కాలమెంతో గుర్తించి, ఆపై ఒకరికొకరు తెలుపుకుంటే తేడా తేలిపోతుంది. 997 మే మాసంలో సంభవించిన చంద్రగ్రహణాన్ని బీరూనీ కాత్‌లోను, ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా బాగ్దాదులోను ముందుగా చేసుకున్న ఏర్పాటు ప్రకారం పరిశీలించారు. రెండు నగరాల నడుమ కాలభేదం సుమారు ఒక గంట అని తేలింది. నేటి లెక్క ప్రకారం అది గంటకు అయిదు నిమిషాలు ఎక్కువ. ఆకాశంలోని చంద్రుణ్ణి ఇద్దరికీ ఉమ్మడి గడియారంగా చేసికొన్న ఆ ఇద్దరిలో ఒకడు అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండనివాడు. మరొకడు మరుసటి సంవత్సరమే మరణించబోతున్న వృద్ధుడు. వారి నడుమ నెలల తరబడి బిడారు నడక ఉన్నది. విజ్ఞాన చరిత్రలో ఇంత మనోహరమైన సహకారం అరుదని మా అభిప్రాయం.

ఆ రోజులలో ఆయన ఎక్కడా స్థిరంగా ఉండలేదు. రై నగరంలో కొంతకాలం ఉండి, పెద్ద ఖగోళ యంత్రాన్ని నిర్మించిన ఖుజందీని కలుసుకున్నాడు. కాస్పియన్ సముద్ర తీరాన గుర్గాన్ పాలకుడైన ఖాబూస్ ఆశ్రయంలో ఉండి, వివిధ జాతుల కాలగణనలను గూర్చి ఆసారుల్ బాఖియా అనే గ్రంథాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలో రచించి ఆయనకు అంకితమిచ్చాడు. ఇబ్న్ సీనాతో తత్త్వశాస్త్ర, భౌతిక విషయాల మీద లేఖల ద్వారా వాదప్రతివాదాలు జరిపాడు. ఆ వాదాలలో మర్యాద కొంత తగ్గిన ఘట్టాలు కూడా ఉన్నాయి. కాని వాటి విచారణ ఈ వ్యాసానికి అవసరం లేదు.

ఆయనను వెంటాడుతున్నది మరొక ప్రశ్న. డిగ్రీల లెక్క తెలిసినంత మాత్రాన దూరం తెలియదు. ఒక డిగ్రీకి భూమి మీద ఎన్ని మైళ్లో తెలియాలి. తొమ్మిదవ శతాబ్దంలో ఖలీఫా మామూన్ ఆజ్ఞపై ఖగోళవేత్తలు రెండు జట్లుగా సింజార్ మైదానంలో ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి నడచి, ధ్రువం ఎత్తు ఒక డిగ్రీ మారేవరకు నేలను కొలిచారు. డిగ్రీకి 56 పైచిలుకు అరబ్బు మైళ్లు అని వారు తేల్చారు. బీరూనీకి పెద్దల మాటను నమ్మడం కంటె తాను కొలిచి చూడడం మీదనే మక్కువ. గుర్గాన్‌కు ఉత్తరాన దిహిస్తాన్ ప్రాంతంలోని సమతల భూమిలో ఆ పని మరల చేయాలని తలచాడు. కాని అట్టి పనికి ధనం కావాలి, మనుషులు కావాలి, రాజు ఆదరణ కావాలి. ఆ మూడూ దొరకలేదు. కోరిక అట్లే మిగిలిపోయింది.

1004 ప్రాంతంలో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చి ఖ్వారజ్మ్ పాలకుని కొలువులో గౌరవనీయుడైన సలహాదారుగా ఉన్నాడు. జీవితంలో సుఖంగా గడచిన కాలం బహుశా అదే. 1017లో మహమూద్ గజ్నవీ ఆ దేశాన్ని జయించి అక్కడి విద్వాంసులను తనతో గజ్నీకి తరలించాడు. వారిలో గురువు అబూ నస్ర్, శిష్యుడు బీరూనీ ఇరువురూ ఉన్నారు. ఆ కొలువులో ఆయన బందీయో అతిథియో నిర్ణయించడం చరిత్రకారులకు సైతం కష్టమే. మొదటి సంవత్సరాలు మాత్రం దుఃఖభరితమైనవి. 1018 అక్టోబరులో కాబూల్ సమీపాన జైఫూర్ అనే పల్లెలో ఉన్నప్పుడు ఆయన చేతిలో ఒక్క పరికరం కూడా లేదు. నూహ్, లూత్ ప్రవక్తలకు వచ్చినంత ఆపద తనకు వచ్చిందని తలపోసిన రోజులవి. ఆ స్థితిలో, లెక్కలు వేసుకొనే పలక వెనుక భాగాన వృత్తఖండాన్ని గీచి, దానికి డిగ్రీల గుర్తులు పెట్టి, సూర్యుని ఎత్తును కొలిచి, ఆ పల్లె అక్షాంశాన్ని నిర్ణయించాడు. అది ఎవరూ ఆజ్ఞాపించిన పని కాదు. ఎవరికీ వెంటనే పనికివచ్చేదీ కాదు. తానెక్కడికి ఈడ్వబడినాడో ఆ చోటు భూమి మీద సరిగా ఎక్కడ ఉన్నదో తెలుసుకొనకుండా ఉండలేకపోయాడు, అంతే.

ఆ వ్యసనం నుండియే ఆయన గ్రంథాలలో మేము మిక్కిలి మెచ్చుకొనే గ్రంథం పుట్టింది. దాని పేరు తహ్దీదు నిహాయాతిల్ అమాకిన్. నివాసస్థలాల నడుమ దూరాలను సరిదిద్దడానికై వాటి స్థానాల హద్దులను నిర్ణయించడం అని దాని తాత్పర్యం. 1025లో గజ్నీలో పూర్తయిన ఈ గ్రంథం యొక్క ప్రతి, ఆయన స్వహస్తంతో వ్రాసినదని పలువురు పండితులు విశ్వసించేది, ఇస్తాంబుల్ నగరంలో భద్రంగా ఉన్నది. గజ్నీ నగరం బాగ్దాదుకు తూర్పుగా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నది, అక్కడ నుండి మక్కా ఏ దిశలో ఉన్నది అన్నవే దాని ప్రధాన ప్రశ్నలు.

ఆయన అనుసరించిన పద్ధతి ఇది. బాగ్దాదు నుండి గజ్నీ వరకు ఒక్క గెంతులో పోకుండా, నడుమ నగరాలను గొలుసులోని కడియాలవలె పేర్చుకున్నాడు. బాగ్దాదు నుండి రై, రై నుండి గుర్గాంజ్, అక్కడి నుండి బల్ఖ్, బల్ఖ్ నుండి గజ్నీ. ఇది ఉత్తరపు గొలుసు. షీరాజ్, జరంజ్ నగరాల మీదుగా దక్షిణాన మరొక గొలుసు. ప్రతి నగరం అక్షాంశాన్ని తానో తనకు పూర్వులో కొలిచి ఉన్నారు. రెండేసి నగరాల నడుమ బిడారులు నడిచే దూరం ఫర్సఖులలో లోకానికి తెలుసు. కాని బిడారు నీటి కోసం వంకలు తిరుగుతుంది, కొండను చుట్టివస్తుంది, దొంగల భయంతో దారి తప్పుతుంది. ఆ దూరం నేల మీది నడక దూరమే గాని నగరాల నడుమ దూరం కాదు. కావున మార్గ స్వభావాన్ని బట్టి దానిలో కొంత భాగాన్ని తగ్గించి, గోళం మీద తిన్నగా పోయే వృత్తచాపంగా మార్చుకున్నాడు. రెండు అక్షాంశాలు, వాటి నడుమ చాపం తెలిసిన పిమ్మట టాలమీ నాటి క్షేత్రగణిత సూత్రంతో రేఖాంశ భేదాన్ని రాబట్టాడు. ఒక గొలుసు ఫలితాన్ని మరొక గొలుసు ఫలితంతో పోల్చి చూచాడు. తుదకు బాగ్దాదుకు గజ్నీకి నడుమ భేదం 24 డిగ్రీల 20 నిమిషాలు అని తేల్చాడు. నేటి కొలత ప్రకారం అది 24 డిగ్రీల 3 నిమిషాల సుమారు. ఒంటెల నడకను ఆధారంగా చేసికొని, రెండు వేల రెండు వందల కిలోమీటర్ల దూరంలో ముప్పది కిలోమీటర్లయినా తప్పిపోలేదు. ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయం ఏమున్నది?

ఇప్పుడు విమానాశ్రయాల మాటకు వద్దాం. శంషాబాద్ విమానాశ్రయం అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు, రేఖాంశం 78 డిగ్రీల పైచిలుకు. జిద్దా విమానాశ్రయం అక్షాంశం 21 డిగ్రీల పైచిలుకు, రేఖాంశం 39 డిగ్రీల పైచిలుకు. ఈ నాలుగు అంకెలను గోళ త్రికోణమితి సూత్రంలో పెడితే, భూకేంద్రం వద్ద ఈ రెండు చోట్ల నడుమ ఏర్పడే కోణం 37 డిగ్రీల 12 నిమిషాలు అని వస్తుంది. ఒక డిగ్రీకి భూమి మీద 111 కిలోమీటర్ల పైచిలుకు. గుణిస్తే 4,130 కిలోమీటర్ల పైచిలుకు దూరం వచ్చింది. మేము తెలుగు బోధించేవారమే గాని గణితవేత్తలము కాము; అయినను లెక్క చేసి చూచి, గణితశాఖలోని మిత్రుల చేత సరిచూపించుకున్నాము. బీరూనీ అక్షాంశాలు, చాపం తెలిసి రేఖాంశం కనుగొన్నాడు. మనము అక్షాంశ రేఖాంశాలు తెలిసి చాపం కనుగొంటున్నాము. లెక్క ఒకటే, నడక మాత్రం వెనుకకు.

గోళం మీద రెండు స్థలాల నడుమ అత్యల్ప దూరం మహావృత్తం వెంబడి పోయే చాపం. గోడకు వ్రేలాడే పటం మీద గీచిన సరళరేఖ అట్టిది కాదు. హైదరాబాదు నుండి న్యూయార్కుకు దారి చూపమంటే పటం చూచినవారు పడమటికి వేలు చూపుతారు. నిజానికి ఆ చాపం ఇక్కడ నుండి బయలుదేరేటప్పుడు ఉత్తరం వైపు ముఖం పెట్టి, కేవలం 23 డిగ్రీలు పడమటికి ఒరుగుతుంది. దాని పొడవు సుమారు 12,970 కిలోమీటర్లు. ఇదే కారణం చేత అమెరికాలోని న్యూయార్కు నగరంలో నమాజు చేసే ముస్లింలలో అత్యధికులు ఈశాన్యాభిముఖంగా నిలుస్తారు. పటం చూచి ఆగ్నేయం అన్నవారితో అక్కడ వాదాలు కూడా జరిగాయి. మన హైదరాబాదులో సైతం ఖిబ్లా నేరుగా పడమర కాదు. పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నది. బీరూనీ గజ్నీ కోసం ఈ దిశను ఒకటి కాదు, పలు విధాలుగా లెక్కించి, ఫలితాలు కలుస్తున్నవో లేదో పరీక్షించుకున్నాడు.

ఇక ప్రయాణకాలం. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని బడిపిల్లలకు తెలుసు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 4,130 కిలోమీటర్లను అయిదు గంటల లోపుననే దాటాలి. కాని పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. దానికి అరగంట కలుపుకోవాలి. నిర్దేశించిన వాయుమార్గాలు మహావృత్తం నుండి కొంత తొలగి పోతాయి. మీదుమిక్కిలి ఎత్తున వీచే గాలి ఉన్నది. సమశీతోష్ణ ప్రాంతాలలో, ముఖ్యంగా చలికాలంలో, ఆ ఎత్తున గాలి పడమటి నుండి తూర్పుకు బలంగా వీస్తుంది. అందుచేతనే పడమటికి పోయే విమానానికి కాలమెక్కువ, తూర్పుకు వచ్చేదానికి తక్కువ. బిడారుకు నీటి వంక ఎట్టిదో విమానానికి గాలి అట్టిది. బీరూనీ బిడారు దూరంలో కొంత తగ్గించి నిజమైన దూరాన్ని పట్టుకున్నాడు; విమానం నడిపేవారు నిజమైన దూరానికి కొంత కలిపి ప్రయాణకాలాన్ని పట్టుకుంటున్నారు.

భూమి పరిమాణాన్ని తానే కొలవాలన్న కోరిక బీరూనీకి ఎట్లు తీరిందో చెప్పవలసి ఉన్నది. మహమూద్ దండయాత్రల కారణంగా ఆయన పంజాబుకు వచ్చాడు. నేటి పాకిస్తాన్‌లో, జీలం నదికి సమీపాన, ఉప్పుకొండల వరుసలో నందన అనే కోట ఉన్నది. ఆ కోటలో ఉన్న రోజులలో, ప్రక్కనే ఎత్తయిన కొండను, దాని దక్షిణాన చదునుగా వ్యాపించిన మైదానాన్ని చూచి, దిహిస్తాన్‌లో జరగని పని ఇక్కడ మరొక విధంగా జరుగుతుందని గ్రహించాడు. నడవనక్కరలేదు, మనుషులు అక్కరలేదు. మైదానంలో రెండు చోట్ల నుండి కొండ కొమ్ము కోణాన్ని కొలిచి దాని ఎత్తు 652 మూరల పైచిలుకు అని తేల్చాడు. పిమ్మట కొండనెక్కి, ఆకాశం నేలను తాకినట్లు కనబడే క్షితిజరేఖ, సమతలం కంటె ఎంత క్రిందికి దిగి ఉన్నదో కొలిచాడు. ఆ కోణం 34 నిమిషాలు, అనగా డిగ్రీలో సగం కంటె కొంచెం ఎక్కువ. కొండ ఎత్తు, ఈ కోణం – ఈ రెండింటితో భూమి వ్యాసార్ధం ఒక కోటి ఇరవై ఎనిమిది లక్షల మూరల పైచిలుకు అని లెక్క వచ్చింది.

ఈ కొలత నేటి కొలతకు నూటికి ఒక పాలు కూడా తేడా లేనిదని తరచుగా వ్రాస్తుంటారు. ఇట్టి మాటను జాగ్రత్తతో స్వీకరించాలని మా మనవి. ఆయన మూర నేటి కొలతలో ఎంతో నిశ్చయంగా తేలలేదు. పైగా, క్షితిజం నుండి వచ్చే కాంతి గాలిలో వంగి కోణాన్ని కొంత తగ్గించి చూపుతుంది. ఆ వంపు ఎండను బట్టి, వేళను బట్టి మారుతుంది. ఆయన గొప్పతనం అంకె కుదరడంలో లేదు. తన ఫలితం మామూన్ కాలపు వారి ఫలితానికి చేరువగా ఉన్నదని చూచి, వారి పరికరాలు సూక్ష్మమైనవి, వారి శ్రమ అధికమైనది కావున వారి కొలతనే గ్రహించడం ఉచితమని ఆయన నిర్ణయించాడు. స్వయంగా కనిపెట్టిన పద్ధతితో, స్వయంగా కొండనెక్కి సాధించిన ఫలితాన్ని ప్రక్కన పెట్టి పూర్వుల కొలతను స్వీకరించడం ఎంతమంది చేయగల పని?

హిందూదేశంలో గడపిన సంవత్సరాలలో ఆయన సంస్కృతం అభ్యసించి, పండితులతో కూర్చుండి, బ్రహ్మగుప్తుడు, వరాహమిహిరుడు మొదలైనవారి గ్రంథాలను పరిశీలించాడు. 1030లో పూర్తయిన కితాబుల్ హింద్ ఆ కృషికి ఫలం. ఆ గ్రంథం మతాలను, ఆచారాలను గూర్చినదని మాత్రమే చాలామంది ఎరుగుదురు. అందులో దూరాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. కనౌజ్ మొదలైన నగరాల నుండి నలుదిక్కులకు పోయే మార్గాలను ఫర్సఖుల లెక్కతో వరుసగా చెప్పాడు. ధార్ నగరం నుండి దక్షిణంగా సాగే దారి నర్మదా తీరం చేరి, అక్కడ నుండి ముందుకు పోయి గోదావరి ఒడ్డున మందగిర్ అనే చోటికి చేరుతుంది. ఆ వాక్యం చదివినప్పుడు మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. గోదావరిని ఆయన చూడలేదు. బాటసారుల వలన విన్నాడు. మన జ్యోతిషులు దేశాంతరం అని పిలిచే రేఖాంశ భేదాన్ని గూర్చి కూడా వేరొక అధ్యాయం వ్రాసి, ఉజ్జయిని మీదుగా పోయే రేఖను వారు మూలరేఖగా గ్రహించడాన్ని చర్చించాడు. పెషావర్, సియాల్‌కోట్, ముల్తాన్ మొదలుకొని కొన్ని స్థలాల అక్షాంశాలను తాను స్వయంగా కొలిచినట్లు తెలిపి, హిందూదేశంలో వాటికి ఆవల తాను పోలేదని దాపరికం లేకుండా చెప్పాడు. చూచినది ఎంత, విన్నది ఎంత అని గీత గీచి చూపిన యాత్రాగ్రంథకర్తలు నేటికీ కొద్దిమందే.

మహమూద్ 1030లో మరణించిన తరువాత ఆయన కుమారుడు మసూద్ ఏలుబడిలో బీరూనీకి ఆదరణ లభించింది. ఖానూనె మసూదీ అనే మహాగ్రంథాన్ని ఆయన పేర రచించాడు. ఖగోళ విషయాలన్నింటినీ చర్చించిన ఆ గ్రంథంలో ఆరు వందల సుమారు స్థలాల అక్షాంశ రేఖాంశాల పట్టిక ఉన్నది. అందుకు బహుమానంగా సుల్తాను ఒక ఏనుగు మోయగలిగినంత వెండిని పంపితే, తనకు అక్కరలేదని తిప్పి పంపాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన జ్యోతిషఫలాలను చెప్పి సుల్తానును అబ్బురపరచినట్లు కూడా కథలున్నాయి. ఫలజ్యోతిషం మీద ఆయనకున్న అనుమానాలను ఎరిగినవారికి ఆ కథలు అంతగా రుచించవు.

1036లో ఆయన తన రచనల పట్టికను తానే సిద్ధం చేశాడు. అప్పటికే అవి నూటికి పైబడినవి. వాటిలో అధిక భాగం నశించాయి. కంటిచూపు, వినికిడి తగ్గిన ముదిమిలో సైతం ఔషధాలను గూర్చి కితాబుస్సైదనా అనే గ్రంథాన్ని ఆరంభించాడు. ఒక్కొక్క మూలికకు వేర్వేరు దేశాలలో గల పేర్లను అందులో పొందుపరచాడు.

ఆయన గజ్నీలోనే మరణించాడు. అది 1048లో అని కొందరు, మరి రెండేళ్లకు అని కొందరు. ఆ అంత్యకాలాన్ని గూర్చి యాఖూత్ అనే గ్రంథకర్త భద్రపరచిన వృత్తాంతం ఒకటి ఉన్నది. ఆయన మంచం పట్టి ఊపిరి ఎగబోస్తున్న వేళ, న్యాయశాస్త్రవేత్త అయిన మిత్రుడొకడు పలుకరించడానికి వచ్చాడు. వారసత్వపు వాటాలకు సంబంధించిన ఒక చిక్కు లెక్కను ఆ మిత్రుడు పూర్వమెన్నడో ప్రస్తావించి ఉన్నాడు. బీరూనీ దానిని వివరించమని అడిగాడు. ఈ స్థితిలో ఆ మాట ఎందుకని మిత్రుడు జాలిపడ్డాడు. తెలియకుండా పోవడం కంటె తెలిసికొని లోకాన్ని విడవడం మేలు కాదా అని రోగి తిరిగి ప్రశ్నించాడు. మిత్రుడు లెక్కను చెప్పాడు. బీరూనీ దానిని విని, గుర్తుపెట్టుకొని, తాను ఇదివరకు మాట ఇచ్చిన మరొక విషయాన్ని మిత్రునికి బోధించాడు. మిత్రుడు సెలవు తీసికొని బయటకు వచ్చి, ఇంకా వీధిలో ఉండగానే, ఆ యింటి నుండి రోదన ధ్వని వినబడింది.